వెంట్రుకంత ఇరుసు

కీ ఇచ్చే చేతి గడియారం నేల మీద పడితే అందరూ ముందు అద్దం చూసుకుంటారు. చాలాసార్లు అద్దానికి ఏమీ కాదు. లోపల బ్యాలెన్స్ వీలు అటూ ఇటూ ఊగడానికి ఆధారమైన ఇరుసు కొన విరుగుతుంది. వాచీ మెకానిక్‌లు ఆ ఇరుసును బ్యాలెన్స్ స్టాఫ్ అంటారు, పొట్టిగా స్టాఫ్ అంటారు. దాని పొడవు సాధారణంగా మూడు నాలుగు మిల్లీమీటర్లు. రెండు చివర్ల మొనలను పివట్లంటారు. వాటి మందం మిల్లీమీటరులో పదో వంతు, కొన్ని వాచీల్లో ఇంకా తక్కువ; అంటే దాదాపు తల వెంట్రుకంత. చాలా పాత వాచీల్లో ఆ ఉక్కు మొనల మీదే వీలు గంటకు 18,000 సార్లు, రోజుకు 4,32,000 సార్లు ఊగుతుంది.

అంత సన్నగా ఎందుకు చేయాలి? మొన లావైతే రాపిడి పెరుగుతుంది, రాపిడి పెరిగితే ఊపు తగ్గి టైము తప్పుతుంది. సన్నగా చేస్తే దెబ్బకు ఆగదు. ఈ పేచీ తీర్చడానికి 1790 ప్రాంతంలోనే పారిస్‌లో అబ్రహాం లూయీ బ్రెగే అనే గడియారాల పనివాడు మొన ఆనే రాయిని (జ్యూయెల్) స్ప్రింగు మీద నిలబెట్టాడు. 1930లలో వచ్చిన ఇంకాబ్లాక్, మన హెచ్ఎంటీ డయల్ మీద పేరు కనిపించే పారాషాక్ అనే ఏర్పాట్లు ఆ ఆలోచన నుంచి వచ్చినవే. అలాంటి ఏర్పాటు లేని పాత జేబు గడియారాలకు ఒక్కసారి చెయ్యి జారితే చాలు. ఏర్పాటు ఉన్నవాటిలో కూడా నూనె ఎండిపోయాక ఏళ్ల తరబడి నడిపితే మొన అరిగి గాడి పడుతుంది.

విరిగినా అరిగినా కొత్త స్టాఫ్ వేయాలి. అది దొరికేదెక్కడ? 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో మొదలైన హెచ్ఎంటీ వాచీల సంస్థను మూసేయడానికి 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ సీకో సహకారంతో వాచీలు చేసింది; అవీ ఎప్పుడో ఆగిపోయాయి. పేరున్న స్విస్ కంపెనీలు చాలావరకు విడిభాగాలను తమ సొంత సర్వీసు కేంద్రాలకే ఇస్తాయి, బయటి మెకానిక్‌కు అమ్మవు. అందుకని కోఠిలోనో విజయవాడ బీసెంట్ రోడ్డులోనో అద్దాల బల్ల వేసుకున్న మెకానిక్ అదే రకం పాత వాచీ ఇంకొకటి సంపాదించి, దాన్ని విప్పి, అందులోని భాగం ఇందులో వేస్తాడు. ఆయన్ను తప్పు పట్టడానికి లేదు. గిరాకీ ఇచ్చే డబ్బుకు, అడిగే తొందరకు అంతకన్నా కుదరదు. కానీ ఒక గడియారం నడవడానికి ఇంకొకటి ఖాళీ డొక్కయింది. ఇలా జరిగే ప్రతి రిపేరుకూ లోకంలో ఒక గడియారం తగ్గుతుంది. ఈ తీసివేత ఆగాలంటే ఆ నాలుగు మిల్లీమీటర్ల ఉక్కుముక్కను మనమే చేసుకోగలగాలి. ఇంట్లో తయారు చేసుకున్న లేతు మీద కూడా అది సాధ్యమే. నాకు ఈ పని మీద ఇంత గౌరవం కలగడానికి కారణం అదే.

వాచీ పనికని ప్రత్యేకంగా చేసిన లేతులు లేకపోలేదు. అమెరికాలో వాల్తమ్ ఊరి వాళ్లు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో తెచ్చిన వెబ్‌స్టర్ విట్‌కాంబ్ నమూనా, జర్మనీలో బోలే, లార్ష్ కంపెనీలు చేసిన చిన్న లేతులు ఇప్పటికీ ఈ వృత్తిలో కొలబద్దలు. పూర్తి సెట్టు దొరకడం కష్టం, దొరికితే ఖరీదు. ఇంట్లో చేసుకునేవాళ్ల సరంజామా ఇంకోలా ఉంటుంది. మందపాటి ఉక్కు పట్టీ మీద రెండు బేరింగుల గూడు, అందులో తిరిగే స్పిండిల్, దాని వెనక కప్పీ, ఆ కప్పీని బెల్టుతో తిప్పే కుట్టుమిషను మోటారు, కాలి కింద వేగం పెంచి తగ్గించే పెడల్, ఎదురుగా చేతి ఉలి ఆనించుకోవడానికి టీ ఆకారపు ఆధారం. అంతకన్నా పెద్దగా ఏమీ ఉండదు.

ఇది విన్నవాళ్లకు ఒక సందేహం రావాలి, రావడమే న్యాయం. బజారులో దొరికే మామూలు డ్రిల్ చక్ ఒక కడ్డీని పట్టుకుంటే అది మిల్లీమీటరులో పదో వంతు వంకరగా తిరగడం మామూలే. మనం చేయబోయే మొన మందమే అంత. పని వస్తువంత తప్పున్న యంత్రం మీద పని ఎలా కుదురుతుంది?

కుదురుతుంది. చక్‌లో వంకరగా తిరుగుతున్న కడ్డీకి ఉలి ఆనించి పై పొర కోసేయండి. మిగిలిన ఉక్కు గుండ్రంగా ఉంటుంది, దాని కేంద్రం సరిగ్గా స్పిండిల్ తిరిగే కేంద్రమే అవుతుంది. చక్ ఎంత వంకరగా పట్టుకున్నా సరే, విప్పకుండా ఒకే బిగింపులో కోసిన మెట్లన్నీ ఒకే అక్షం మీద ఉంటాయి. విప్పి మళ్లీ బిగిస్తే మాత్రం ఆ అక్షం పోయినట్టే. అందుకే ఇంటి లేతు మీద పనిచేసేవాడికి మొదటి నియమం, బిగించినదాన్ని పని అయ్యేదాకా కదిలించకపోవడం. చక్ వంకరను ఇలా దాటవచ్చు కానీ బేరింగులో కదలిక ఉంటే దాటే ఉపాయం లేదు. స్పిండిల్ ఒక్కో చుట్టుకు ఒక్కోచోట తిరిగితే కోత గుండ్రంగా రాదు. కాబట్టి ఖర్చు పెట్టాల్సింది, ఓపిక పెట్టాల్సింది బేరింగు మీద. మిగతాది తుక్కు సామాను దుకాణంలో దొరికినా ఫరవాలేదు.

చిక్కేమిటంటే స్టాఫ్‌కు రెండు చివరలున్నాయి. ఒక సగం కోశాక కడ్డీ నుంచి తెంపి, తిప్పి రెండో సగం కోయాలి. అప్పుడు విప్పక తప్పదు. దీనికి పాతకాలపు పనివాళ్లు కనిపెట్టిన ఉపాయం నన్ను ఎప్పుడూ ముచ్చట పెడుతుంది. చక్‌లో ఇత్తడి కడ్డీ బిగించి, తిరుగుతుండగానే దాని ముఖం మధ్యలో ఉలితో ఒక చిన్న గరాటు గుంట కోస్తారు. అప్పటికప్పుడు కోసిన గుంట గనక దాని అడుగు స్పిండిల్ కేంద్రం నుంచి తప్పడానికి లేదు. స్పిరిట్ దీపంతో ఇత్తడిని వెచ్చబెట్టి గుంటలో లక్క కరిగిస్తారు. సగం తయారైన స్టాఫ్‌ను, పూర్తయిన మొన గుంట అడుగున ఆనేలా అందులో దించుతారు. లక్క మెత్తగా ఉండగానే లేతును నెమ్మదిగా తిప్పుతూ, బయటికున్న ఉక్కుకు సన్నటి కర్రపుల్ల ఆనించి, వణుకు పోయేదాకా సర్దుతారు. చల్లారాక లక్క బిగుసుకుంటుంది. రెండో సగం కోత అయ్యాక స్పిరిట్‌లో నానబెడితే లక్క కరిగి స్టాఫ్ శుభ్రంగా బయటికొస్తుంది. వందల ఏళ్లుగా మన దేశపు అడవుల నుంచి లోకమంతా తిరిగిన లక్క, యూరప్ వాచీ పనివాళ్ల బల్లల మీద చేసిన పనుల్లో ఇదొకటి. తీరిన అక్షాన్ని నిలిపి ఉంచడానికి అంతకన్నా చవకైన, అంతకన్నా నమ్మకమైన పట్టు ఇంకోటి నాకు కనిపించలేదు.

లేతుకు కూడా స్తోమత లేకపోతే ఇంకా పాత దారి ఉంది. ఇంగ్లిషు వాళ్లు టర్న్స్ అన్న ఆ పరికరంలో తిరిగే స్పిండిలే ఉండదు. ఒకే గీత మీద ఎదురెదురుగా కదలకుండా నిలబెట్టిన రెండు కడ్డీల మధ్య పని వస్తువును ఆనించి, దానికి చిన్న కప్పీ తగిలించి, గుర్రపు వెంట్రుక కట్టిన విల్లును ఒక చేత్తో లాగుతూ ఇంకో చేత్తో కోస్తారు. విల్లు కిందికి లాగినప్పుడు కోత, పైకి తోసినప్పుడు ఉలి వెనక్కి. వస్తువు తన సొంత కొనల మీదే తిరుగుతుంది కాబట్టి బేరింగుల తప్పు అనే మాటే రాదు. తిప్పి పెట్టినా అక్షం మారదు. పద్దెనిమిదో శతాబ్దపు గొప్ప గడియారాలకు ఇరుసులు ఇలాగే పుట్టాయి. మోటార్లు రాకముందు మన ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి లక్క అద్దిన చేతులకు ఈ పద్ధతి కొత్తగా తోచదు.

ఇక ఉక్కు సంగతి. ఎర్రగా కాల్చి నూనెలో ముంచిన ఉక్కు గట్టిపడుతుంది, కానీ పెళుసవుతుంది. దాన్ని మెరుగుపెట్టి మళ్లీ నెమ్మదిగా వేడిచేస్తే ముందు లేత పసుపు, తర్వాత గోధుమ, ఊదా, చివరికి సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిండు నీలం వస్తుంది. నీలం రాగానే ఆపాలి. ఆ స్థితిలో ఉక్కు పెళుసుదనం వదులుకుని, మొనగా నిలిచేంత గట్టిదనం ఉంచుకుంటుంది, ఉలికి కూడా లొంగుతుంది. ఉలి మొన పదునుగా లేకపోతే ఇంత గట్టి ఉక్కు తెగదు. రుద్దుకుని పైన నిగనిగలాడే పొర కట్టి, ఆ తర్వాత మంచి ఉలికీ లొంగనని మొరాయిస్తుంది. సానరాయి మీద నూరాక మొనను బొటనవేలి గోరు మీద ఆనించి చూస్తారు: జారితే పదును లేదు, పట్టుకుంటే ఉంది. కోత సరిగా సాగుతుంటే సన్నని చుట్టలుగా రజను రాలుతుంది. పొడిగా రాలిందంటే మళ్లీ రాయి దగ్గరికి వెళ్లాలి. ఈ పనిలో సగం కాలం నూరడానికే పోతుందని తెలిసి కూర్చోవాలి.

కోయడానికి ముందు విరిగిన స్టాఫ్‌ను తీయాలి. సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే ఊడి వస్తుంది, కానీ వీలు రంధ్రం సాగిపోతుంది. ఆ తొందర క్షమించరానిది. వీలును స్టాఫ్‌తో సహా లేతు మీదికెక్కించి, బిగించిన అంచును కోసేస్తే స్టాఫ్ దానంతటదే వదులుతుంది. ఆ తర్వాతే కొత్తదాని మెట్లు: వీలు కూర్చునే చోటు, దాన్ని పట్టి ఉంచడానికి రివెట్‌గా పరుచుకునే సన్నని అంచు, వీలును వెనక్కి లాగే సన్నని హెయిర్‌స్ప్రింగ్ కూర్చునే మెట్టు, కింద రోలర్ అనే చిన్న బిళ్లను పట్టుకునే కాండం. వాటిలో ప్రతిదానికీ పట్టు బిగువు చేతికి తెలియాలి.

అన్నిటికన్నా కష్టం పివట్. అది ఉత్త స్తంభం కాదు. మొదట్లో లావుగా ఉండి వంపుగా సన్నబడుతూ, రాయి రంధ్రంలో తిరిగే కాస్త మేరే సమాన మందంతో ఉంటుంది. ఆ వంపు మొదలుకు బలమిస్తుంది. ఉలితో కావలసిన మందానికి మిల్లీమీటరులో వందో వంతో రెండు వంతులో ఎక్కువే ఉంచి ఆపుతారు. మిగిలింది కోత పని కాదు, బర్నిషింగ్ పని. గట్టి ఉక్కు పట్టీ ముఖాన్ని అడ్డంగా సన్నగీతలు పడేలా సానబట్టి, నూనె రాసి, తిరిగే మొనకు అదిమి రుద్దుతారు. ఆ గీతలు కొంచెం కోస్తాయి, కొంచెం నొక్కుతాయి. పైపొర నునుపవుతూనే ఇంకా గట్టిపడుతుంది. ఎమెరీ కాగితంతో మెరుగు తెచ్చిన మొన చూడటానికి ఇలాగే ఉండొచ్చు, కానీ ఆ నొక్కుడు గట్టిదనం దానికి రాదు.

సరిపోయిందో లేదో మైక్రోమీటరు కొంతవరకే చెబుతుంది. అసలు పరీక్ష ఆ గడియారం రాయితోనే. రంధ్రమున్న కెంపును మొన మీదికి దించి వదిలితే, అది బిగుసుకోకుండా ఒక పక్కకు కొద్ది డిగ్రీలు వాలాలి. వాలకపోతే మొన లావు, మరీ వాలిపోతే ఉక్కు వృథా. అలా ఈ మొన ఒకే ఒక్క రాయికి తగ్గట్టు తయారవుతుంది. ఒకే సైజులో చేసిన లక్షల భాగాల్లో ఒకటి దొరికితే అది పనికొస్తుంది, కానీ ఇంత అమరిక దానికి ఉండదని నా అభిప్రాయం. డెబ్భై ఏళ్లు నడిచిన గడియారంలో రంధ్రాలు కూడా మొదటి కొలతలో ఉండవు మరి.

తర్వాత వీలును స్టాఫ్ మీద రివెట్ చేసి, రెండు కత్తి అంచుల మీద పివట్లను ఆనించి దొర్లిస్తారు. బరువున్న వైపు కిందికి తిరిగితే అక్కడ కొంచెం గీకుతారు, ఏ వైపూ తిరగనంతవరకు. వాచీలో పెట్టాక పైకీ కిందికీ మిల్లీమీటరులో వందో వంతులు రెండు మూడు కదలిక ఉండాలి.

ఈ విద్యకు లోకంలో గౌరవం లేదనడం తప్పు. ఇంగ్లండుకు చెందిన జార్జ్ డేనియల్స్ (1926–2011) ఒక్కడే కూర్చుని మొత్తం గడియారాలు చేశాడు, 1981లో వాటి తయారీ మీద పుస్తకం రాశాడు. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దు ప్రాంతపు యాంత్రిక గడియారాల నైపుణ్యాన్ని యునెస్కో 2020లో వారసత్వ జాబితాలో చేర్చింది. మన దగ్గర లోటు గౌరవం కన్నా పరికరాల విషయంలో ఎక్కువ. వాచీ బల్ల దగ్గర కొడుకు తండ్రిని చూసి నేర్చుకునేది విప్పడం, కడగడం, నూనె వేయడం. లేతు ఆ బల్ల మీద లేదు కాబట్టి కోత ఆ పాఠంలో లేదు. లేతు సంపాదించి కోత మొదలుపెట్టేవాళ్లు స్టాఫ్‌తో కాకుండా కీ కాడతో మొదలుపెట్టాలి. అది లావు, మరలు తీయడం, చతురస్రం ఆకురాయి పట్టడం అందులో నేర్చుకోవచ్చు, తప్పు పోయినా ఒక కడ్డీ ముక్కే పోతుంది.

అందాకా లేతు లేనివాళ్లు కూడా చేయగలిగిన పని ఒకటుంది. విరిగిన స్టాఫ్‌ను పారేసే ముందు కొలిచి రాసి పెట్టాలి: మొత్తం పొడవు, రెండు పివట్ల మందాలు, వీలు కూర్చునే చోటు మందం, హెయిర్‌స్ప్రింగ్ మెట్టు మందం, రోలర్ కాండం మందం, వీలు ఆనే అంచు నుంచి రెండు కొనలకూ దూరాలు. పక్కన వాచీ పేరు, లోపలి మిషను నంబరు. హెచ్ఎంటీ, ఆల్విన్, వెస్ట్ ఎండ్, ఏదైనా సరే. ఒక పివట్ విరిగి పోయినా మిగతా కొలతలు చాలావరకు దొరుకుతాయి, విరిగినదాన్ని రాయి రంధ్రం నుంచి రాబట్టవచ్చు. ఇరవై బల్లల దగ్గర ఇలాంటి నోటుపుస్తకం ఉంటే, ఇంట్లో లేతు పెట్టుకున్నవాడు అరిగిన స్టాఫ్‌ను చూసి ఊహించాల్సిన పని లేకుండా నేరుగా కొలత పెట్టి కోత మొదలుపెట్టగలడు.