చూపు సోకని చోట

సముద్రంలో లోతుకు వెళ్లేకొద్దీ జీవులు నిదానించడానికి తిండి కొరతే కారణమని అనుకోవడం సహజమే గాని, ఆ వివరణ ఒక్కటే సరిపోదు. జీవక్రియ, అంటే ఆహారాన్ని శక్తిగా మార్చుకుని ఖర్చు చేసే ప్రక్రియ, లోతుతోపాటు బాగా మందగించేది చేపలు, రొయ్యలు, స్క్విడ్‌ల వంటి చూపున్న జీవుల్లోనే; రూపాన్ని పోల్చుకోగల కళ్లు లేని జెల్లీచేపల్లో ఆ తగ్గుదల కనిపించదు. జేమ్స్ చైల్డ్రెస్, బ్రాడ్ సీబెల్ వంటి శాస్త్రజ్ఞులు దీనికి చెప్పిన కారణం ఆలోచింపజేస్తుంది: వెలుతురులో దూరం నుంచే కంటబడే జీవికి తరమడానికో, తప్పించుకోవడానికో అనుక్షణం సిద్ధంగా ఉండే కండబలం కావాలి, చీకటిలో ఆ భారం మోయనక్కర లేదు.

ఆ జీవులు నిదానాన్ని కోరి ఎంచుకున్నవి కావు కనుక వాటిని మనిషికి గురువులుగా నిలబెట్టడం తగదు. అయినా, మనిషి తొందరలో పని కోరేది ఎంత, పదిమంది కళ్లలో పడుతూ ఉండాలన్న ఆరాటం ఎంత అని విడదీసి చూసుకోవడానికి ఈ సిద్ధాంతం తోడ్పడుతుంది. ముఖ్యంగా పరిశోధనలో, ఏళ్ల తరబడి చూపించడానికి ఏమీ లేని పనికి విలువ కట్టడం నేడు ఎవరికీ చేతకావడం లేదు.

అలాంటి పనికి ఒక ఉదాహరణ ఉంది. కాలిఫోర్నియా తీరంలోని మాంటెరే అగాధంలో, సుమారు 1400 మీటర్ల లోతున, 2007లో ఒక ఆక్టోపస్ రాతిగోడకు గుడ్లు అంటించి వాటిపై కాపు కూర్చుంది. పరిశోధకుడు బ్రూస్ రాబిసన్ బృందం ఓడ మీద నుంచి నడిపే జలాంతర యంత్రంతో నాలుగున్నరేళ్లలో 18 సార్లు అక్కడికి దిగి, మచ్చలను బట్టి అదే తల్లిని గుర్తుపట్టింది. మూడు డిగ్రీల చలినీటిలో ఆమె చర్మం పాలిపోయి వదులైంది, కళ్లు మసకబారాయి. యంత్రపు చేయి అందించిన పీత ముక్కను ఆమె ముట్టలేదు. గుడ్లు మాత్రం పెరుగుతూనే వచ్చాయి. అంతకాలం పొదగడం వల్లనే ఈ జాతి పిల్లలు పుట్టుకతోనే వేటాడగలిగేంత ఎదిగి బయటికి వస్తాయి.

2011 అక్టోబరు నాటికి తల్లి లేదు, గుడ్ల తొడుగులు ఖాళీ అయ్యాయి. ఏ జంతువులోనూ అప్పటికి తెలియనంత దీర్ఘమైన ఆ 53 నెలల పొదుగుడు 2014లో ప్రచురితమైంది. పరిశోధకులు తొలి దిగుడుతోనే సరిపెట్టుకుని ఉంటే, లోకానికి దక్కేది గుడ్లను కాస్తున్న ఒక ఆక్టోపస్ ఫొటో మాత్రమే.