యెరికో గోడలు: గ్రంథ కథనం, తవ్వకాల సాక్ష్యం

యెరికో గోడలు కూలిన కథ తెలుగు పాఠకులకు కొత్తది కాదు. యెహోషువ గ్రంథం ఆరవ అధ్యాయం ప్రకారం ఇశ్రాయేలీయులు ఆరు రోజులు రోజుకొకసారి, ఏడవ రోజు ఏడుసార్లు పట్టణం చుట్టూ తిరిగారు. యాజకులు బూరలు ఊదగా, జనం కేకలు వేయగా గోడ కూలింది. పట్టణాన్ని తగలబెట్టారు. దీనిని పురావస్తు సాక్ష్యంతో పోల్చమంటే విద్యార్థులు సాధారణంగా రెండే జవాబులు రాస్తారు: తవ్వకాలు బైబిలును రుజువు చేశాయని, లేదా అబద్ధమని తేల్చాయని. జవాబు పత్రాలు దిద్దిన అనుభవంతో చెబుతున్నాను, రెండు వర్గాలదీ ఒకటే పొరపాటు. ఏ గోడ, ఏ పొర, ఏ కాలం అని వారు అడగరు.

యొర్దాను నదికి పడమట ఉన్న తెల్ ఎస్-సుల్తాన్ దిబ్బే ప్రాచీన యెరికో. 1930-36 మధ్య ఇక్కడ తవ్వకాలు జరిపిన జాన్ గార్‌స్టాంగ్, కూలిన జంట గోడను చూసి అది సుమారు క్రీ.పూ. 1400లో, యెహోషువ దాడిలో పడినదేనని ప్రకటించారు. 1952-58లో కాథ్లీన్ కెన్యన్ లోతైన కందకాలు తవ్వి, మట్టి పొరలను ఒక్కొక్కటిగా విడదీసి పరిశీలించారు. ఆ గోడ తొలి కంచుయుగానిదని, అంటే గార్‌స్టాంగ్ చెప్పిన కాలానికి దాదాపు వెయ్యేళ్లు ముందుదని తేలింది. తరువాతి పట్టణం ఒకటి మంటల్లో నాశనమైన మాట నిజమే. అయితే ఆమె లెక్కలో అది సుమారు క్రీ.పూ. 1550 నాటిది. ఆ తరువాత క్రీ.పూ. 14వ శతాబ్దానికి చెందిన కొద్దిపాటి అవశేషాలు దొరికాయి గాని, ఆ కాలపు ప్రాకారం కనబడలేదు.

కెన్యన్ వాదనలోనూ ఒక బలహీనత ఉంది. 1990లో బ్రయంట్ వుడ్ దానిని సరిగానే పట్టుకున్నారు. సైప్రస్ నుంచి దిగుమతి అయిన కుండలు కనబడలేదు కాబట్టి క్రీ.పూ. 1400లో పట్టణం లేదనడం, ఇరుకైన కందకాల ఆధారంగా లేమినే సాక్ష్యం చేసుకోవడమే. స్థానిక కుండలను చూడమన్నారాయన. ధాన్యంతో నిండి కాలిన జాడీలనూ ఎత్తిచూపారు. ముట్టడి ఎక్కువ కాలం సాగి ఉంటే జాడీలు ఖాళీ అయ్యేవి. దాడి కోతల కాలంలో జరిగిందని గ్రంథమూ సూచిస్తుంది. ఈ పోలికను కొట్టిపారేయడం న్యాయం కాదు.

కాని ఆ ధాన్యమే ఆయన కాలనిర్ణయానికి ఎదురు తిరిగింది. దూలం కాలితే దాని బొగ్గు అసలు ఘటన కంటే ఎంతో పాత తేదీ చూపవచ్చు, ఎందుకంటే చెట్టు ఏనాడో నరికినది కావచ్చు. గింజ ఆయుష్షు ఒక్క పంట కాలమే. 1995లో ప్రచురితమైన రేడియోకార్బన్ ఫలితాల్లో ఆ గింజలు క్రీ.పూ. 16వ శతాబ్దానివని వచ్చింది. నా దృష్టిలో ఈ వివాదంలో ఇంతకంటే మంచి సాక్షి లేదు. వాన కోతకు పై పొరలు కొట్టుకుపోయాయనే సమర్థన కొంతవరకే నిలుస్తుంది. గోడ కరిగిపోయినా కుండ పెంకులు కరగవు కదా. ఆ కాలపు పెంకులు కొద్దిగానే దొరికాయి.

అంతమాత్రాన బైబిలులోని ముట్టడులన్నీ కల్పితాలనుకోకూడదు. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు లాకీషును ముట్టడించిన విషయం రాజుల రెండవ గ్రంథంలో ఉంది. నీనెవె రాజభవనపు శిల్పఫలకాల మీద ఆ దృశ్యం ఉంది. లాకీషు దిబ్బ పక్కన గోడనెక్కడానికి అష్షూరీయులు పోసిన రాళ్ల కట్ట నేటికీ ఉంది. ఆ ఘటనకూ దానిని రాసినవారికీ మధ్య దూరం తక్కువ. యెహోషువ గ్రంథం నేటి రూపం మాత్రం, చాలామంది పండితుల అభిప్రాయంలో, క్రీ.పూ. 7వ శతాబ్దంలోనో ఆ తరువాతో ఏర్పడింది. అప్పటికి యెరికోలో పాత గోడల శిథిలాలు శతాబ్దాలుగా ఉన్నాయి. వాటిని చూసిన తరాలు ఆ కథను అల్లుకొని ఉండవచ్చు. ఇది ఊహే, కాని పొరలు చెప్పేదానికి విరుద్ధం కాని ఊహ.