పద్దు దిద్దే పనితనం

ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదిక శాసనసభలో పెట్టిన మర్నాడు పేపర్ల నిండా అధికార, ప్రతిపక్షాల తిట్లే. నివేదిక తెరిస్తే మాత్రం పరుషంగా ఒక్క మాట కనిపించదు. నాకు దానిమీద గౌరవం కలిగింది అందుకే.

రాష్ట్ర ఆర్థిక స్థితిపై ఏటా ఇచ్చే ఆడిట్ నివేదికనే తీసుకోండి. దాన్ని చదవాలంటే ముందు పద్దుల నంబర్ల కిటుకు తెలియాలి. ప్రజారోగ్యానికి జీతాలు, మందుల ఖర్చు 2210 కింద రాస్తారు. ఆసుపత్రి భవనం కడితే 4210. అప్పిస్తే 6210. ఆ శాఖకు వచ్చే రాబడి 0210. మొదటి అంకె మారిందంటే ఆ డబ్బు స్వభావమే మారినట్టు.

గారడీ జరిగేదీ అక్కడే. ఒక సంస్థకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తే, దాంతో వాళ్లు భవనమే కట్టుకున్నా, ప్రభుత్వ లెక్కల్లో అది జీతాల్లాంటి రెవెన్యూ ఖర్చే. దాన్ని 4తో మొదలయ్యే పద్దులో రాసేస్తే రెవెన్యూ లోటు కాగితం మీద తగ్గిపోతుంది. ఆడిటర్లు దీన్ని మోసం అనరు. ఆ మొత్తాన్ని దాని అసలు చోటికి చేర్చి, మీరు చూపిన లోటు ఇంత, సరిచేస్తే ఇంత అని ఒక పట్టిక వేస్తారు. అంతే. మంత్రిగారు ఎన్ని ప్రెస్‌మీట్లు పెట్టినా ఆ రెండు అంకెల మధ్య తేడా చెరగదు.

800 అని ఇంకో నంబరుంది, ‘ఇతరములు’. ఎక్కడా ఇమడని చిల్లర ఖర్చులకు పెట్టింది. సొమ్ములో సింహభాగం అందులోకే వెళ్లిన పద్దులను ఏరి పేరుపేరునా చూపించడం కాగ్‌కు అలవాటు.

అభ్యంతరం రాసే కాగితాన్ని ఆడిట్ ఆఫీసుల్లో హాఫ్ మార్జిన్ అంటారు. సగంలో ప్రశ్న, మిగతా సగం శాఖ జవాబుకు ఖాళీ. అచ్చయ్యే నివేదికలోనూ ఆ మర్యాద తప్పదు: శాఖ ఏమందో చెప్పాకే, అది ఎందుకు ఒప్పుకోదగ్గది కాదో రాస్తారు.

ఇంత పనితనమూ తరచు ఆలస్యంగా మనకు చేరుతుంది. గవర్నరుకు అందిన నివేదికను సభ ముందుంచాలని చెప్పిన రాజ్యాంగంలోని 151వ అధికరణం, ఎన్నాళ్లలోగా అన్నది చెప్పలేదు. ఆ గడువేదో చట్టంలో పెట్టాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నివేదికలు కాగ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ముందుమాటలు వదిలేసి, లోటును సరిచేసి చూపిన పట్టిక దగ్గర మొదలుపెట్టండి.