పులి ఫోటో కింద రాయని పేరు

నల్లమల పులుల ఫోటోలు గోడ మీద పెడితే పిల్లలు కదలరు. ఫోటోలు మంచివే. కింద తీసినవారి పేరు ఉంటుంది. పులి నడిచే దారి చూపిన చెంచు పేరు మాత్రం చాలాచోట్ల కనిపించదు.

అడవిలో కట్టిన కెమెరా, జంతువు ముందు నుంచి పోతేనే ఫోటో తీస్తుంది. ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. ఒకే పులికి కుడి పక్క చారలు వేరు, ఎడమ పక్కవి వేరు. అందుకే దారికి అటొకటి, ఇటొకటి కెమెరా కడతారు. అది ఏ దారో అడుగుజాడలు, చెట్టు మీది గోటి గీతలు చదివినవాళ్లకే తెలుస్తుంది. అటవీశాఖ బేస్ క్యాంపుల్లో చెంచులు చేసే పని ఇలాంటిదే.

శ్రీశైలంలోని చెంచులక్ష్మి గిరిజన మ్యూజియంలో మన విల్లంబులు, వాడుక వస్తువులు ఉన్నాయి. పులుల ఫోటోలు ఇంకో ప్రదర్శనలో. ఇలా విడదీసి చూపితే అడవిలో మనుషులే లేరనీ, చెంచులు పాతకాలం వాళ్లనీ పిల్లలు అనుకుంటారు. పులి కోసం పెంటలు ఖాళీ చేయాలనే మాట అలాంటివాళ్ల చెవికి న్యాయంగానే వినిపిస్తుంది.

2006 అటవీ హక్కుల చట్టం జీవవైవిధ్యం గురించిన మన సంప్రదాయ జ్ఞానాన్ని సామూహిక హక్కుగా గుర్తించింది. ఫోటో కింద పేరు రాయడం ఆ హక్కుకు దక్కాల్సిన కనీస మర్యాద.

ఉపాధ్యాయులారా, ఈసారి ప్రకృతి కార్యక్రమానికి ఒక చెంచు పెద్దను పిలవండి. ముందు ఆయన మాట్లాడాలి. ఫోటోలు తర్వాత చూద్దాం.