గోలీ రాసే ముందు

భివండీలోని నార్పోలిలో నర్సును పట్టుకుని "మీరు మందులు రాయొచ్చా?" అని ఎవరూ అడగరు. "ఏ గోలీ ఏసుకోవాలె సిస్టర్?" అనే అడుగుతారు. ఇక్కడ సాంచాలు (మరమగ్గాలు) నడిపేవాళ్లలో తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు ఎందరో. మీటరు లెక్కన కూలి కాబట్టి డాక్టరు దగ్గర వరుసలో కూర్చుంటే ఆ పూట కూలి పోయినట్టే. అందుకే ఆ ప్రశ్న ముందు నా దగ్గరికి వస్తుంది.

జ్వరం వచ్చిన పసిపాపనే తీసుకోండి. పారాసిటమాల్ సిరప్ ఒక సీసాలో 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉంటుంది, ఇంకో సీసాలో 250. చుక్కల మందులోనైతే ఒక్క మి.లీ.లోనే 100. పది కిలోల పాపకు ఒక డోసు 150 మి.గ్రా. దాకా ఇవ్వొచ్చు. అంటే మొదటి సీసాలోది 6 మి.లీ., రెండోదాంట్లోది 3, చుక్కల మందు ఒకటిన్నర. తల్లి మాత్రం "చెంచాడు పోసిన సిస్టర్" అంటుంది. ఏ సీసా? ఏ చెంచా? ఎన్ని గంటలకోసారి? ఇంట్లో ఉన్న సీసా తెప్పిస్తాను, పాపను తూకం వేస్తాను, కొలత మూత మీద పెన్నుతో గీత గీసి చేతికిస్తాను. నా లెక్కలో మందు రాయడమంటే ఇదంతా. కాగితం మీద పేరు పెట్టడం ఆఖరున వచ్చే చిన్న పని.

పెద్దవాళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. షుగర్‌కు గ్లిమెపిరైడ్ ఇచ్చి, చీటీలో "పొద్దున టిఫిన్‌తో" అని రాస్తారు. రాత్రంతా 12 గంటల డ్యూటీ చేసి తెల్లారి పడుకునే మనిషికి టిఫిన్ ఎప్పుడు? గోలీ మింగి ఏమీ తినకుండా నిద్రపోతే షుగర్ పడిపోతుంది, ఆ చెమట, ఆ వణుకు పక్కవాళ్లు గమనించరు. అందుకే నా మొదటి ప్రశ్న రోగం గురించి కాదు, "ఏ డ్యూటీ?" అని.

నర్సు చేతికి ఈ పని చట్టబద్ధంగా ఇచ్చిన దేశాలున్నాయి. అమెరికాలోని కొలరాడోలో 1965లో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ ప్రారంభించారు. బ్రిటన్‌లో 2006 నుంచి, అందుకు అర్హత సంపాదించిన నర్సు తనకు పట్టున్న మేరకు దాదాపు ఏ మందైనా రాయొచ్చు. అంత దూరం ఎందుకు, మహారాష్ట్రలోనే గడ్చిరోలిలో అభయ్, రాణి బంగ్ అనే డాక్టర్ దంపతులు పల్లె ఆడవాళ్లకు పసికందుల్లో ఇన్‌ఫెక్షన్ గుర్తుపట్టి జెంటామైసిన్ సూది వేయడం నేర్పారు. వాళ్లు నర్సులు కూడా కాదు. నవజాత శిశువుల మరణాలు 60 శాతానికి పైగా తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది.

మన దగ్గర 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం, 32వ సెక్షన్‌లో, డాక్టర్లు కాని ఆరోగ్య సిబ్బందికి పరిమిత లైసెన్సు మాట ఎత్తింది: ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్ణయించిన మందులు సొంతంగా రాయొచ్చు, మిగతావి డాక్టరు పర్యవేక్షణలో. డాక్టర్ల సంఘం గట్టిగా వద్దంది. వాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయను, చదువు లేకుండా యాంటీబయాటిక్ రాసే చేయి ప్రమాదమే. అందుకే శిక్షణ, పరీక్ష, హద్దు మూడూ ఉండాలంటాను.

ఇంకొకటి కూడా కావాలి: మందు ఆపించే అధికారం. సాంచా ముందు నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగిన పెద్దమనుషులు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని రోజూ మింగుతారు, దాంతోపాటే బీపీ గోలీ. ఆ నొప్పి గోలీ బీపీని పెంచుతుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. "కాకా, ఇది బంద్ చెయ్యి" అంటే, "డాక్టర్ రాసిండా బంద్ చెయ్యమని?" అంటారు. ఆ మాట కాగితం మీద నేనే రాసి, కింద నా పేరు, నా రిజిస్ట్రేషన్ నంబరు వేస్తే చెల్లాలి. నేను అడిగేది అదే.