మంచోడు

2024 నవంబరులో అమెరికా ఎన్నికల ఫలితాలొచ్చిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. పర్చూరు, చిలకలూరిపేట మధ్య మాది నల్లరేగడి ఊరు. చేలో పత్తి తీతలు నడుస్తున్నాయి. నాన్న మాత్రం టీవీ ముందు నుంచి కదల్లేదు. కమలా హారిస్ తాతగారి ఊరు తులసేంద్రపురంలో పూజలు చేయించారు, ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు వడ్లూరులోనూ చేయించారు. ఒకే ఎన్నికలో ఇద్దరు దేవుళ్ళని ఎదురెదురుగా నిలబెట్టిన ఘనత మనదే. సాయంత్రానికి వడ్లూరు దేవుడు గెలిచాడు. అప్పుడు నాన్న అడిగాడు: "ఎప్పటికైనా మనోళ్ళు అక్కడ ప్రెసిడెంటు అవుతారంటావా?"

చట్టం ప్రకారం జవాబు తేలికే. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023 జనవరిలో మేరీలాండ్‌కి లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. ఆవిడ సివిల్ ఇంజినీరు కూడా, కాబట్టి మా జాతికి డబుల్ గర్వం. కానీ జన్మతః అమెరికా పౌరులు కానివాళ్ళు అధ్యక్షులు కాకూడదని ఆ దేశ రాజ్యాంగం. అక్కడ పుట్టిన ఆవిడ పిల్లల తరం మాత్రం పోటీ చేయొచ్చు. నాన్న అడిగింది ఇది కాదని నాకు తెలుసు. తెల్లవాళ్ళు ఓటేస్తారా అన్నది ఆయన ప్రశ్న. దానికి జవాబు కోసం ఆ శీతాకాలం మూడు పుస్తకాలు చదివాను. వాటి గురించే ఈ వ్యాసం.

ఒబామా 'డ్రీమ్స్ ఫ్రమ్ మై ఫాదర్' 1995లో వచ్చింది. అప్పటికి ఆయన ఏ పదవికీ ఎన్నిక కాలేదు. అందుకే అందులో కోపముంది, గందరగోళముంది, తండ్రి మీద తేలని లెక్కలున్నాయి. హారిస్ 'ద ట్రూత్స్ వి హోల్డ్' 2019 జనవరిలో వచ్చింది. అదే నెలలో ఆవిడ అభ్యర్థిత్వం ప్రకటించారు. తల్లి శ్యామల గురించి రాసిన పేజీలు బాగున్నాయి. మిగతాదంతా రెజ్యూమె. మన రెజ్యూమెల్లో 'ఎదుర్కొన్న సవాళ్ళు' అని ఒక కాలమ్ ఉంటుందే, అలా ప్రతి కష్టమూ ఒక విధానంగా మారి చక్కగా సర్దుకుంటుంది.

మూడోది పాతది, 1960లో వచ్చింది. దలీప్ సింగ్ సాంద్ 'కాంగ్రెస్‌మన్ ఫ్రమ్ ఇండియా'. అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన తొలి ఆసియావాసి ఆయన. నన్ను పట్టుకుని వదలనిది ఈ పుస్తకమే, దాని లోపాలతో సహా.

సాంద్ 1899లో పంజాబులో పుట్టి, 1920లో చదువు కోసం వెళ్ళి, బర్కిలీలో 1924లో లెక్కల్లో పీహెచ్‌డీ చేశాడు. మరుసటి ఏడాదే ఇంపీరియల్ వ్యాలీలో పత్తి తీసే కూలీలకి మేస్త్రీగా చేరాడు. ఈ ముక్క చదివి పుస్తకం మూసి, కిటికీలోంచి మా పత్తి చేను చూశాను. 1923లోనే భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళ కిందికి రారని, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తేల్చేసింది. పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళకి భూమి కొనే హక్కు కాలిఫోర్నియా చట్టంలో లేదు. ఆ స్థితిలోనే లెట్యూస్ వేశాడు, మాంద్యంలో నష్టపోయాడు, ఐపీ పెట్టకుండా ఏళ్ళ తరబడి అప్పులు తీర్చాడు. 1946లో చట్టం మారింది, 1949లో పౌరుడయ్యాడు. తర్వాత ఎరువుల డీలరు, అదే కాలంలో చిన్న ఊరికి జడ్జి. 1956 ఎన్నికలో పేరుమోసిన మహిళా పైలట్ జాక్వలిన్ కాక్రన్‌ని ఓడించి కాంగ్రెస్‌కి వెళ్ళాడు. పత్తి, అప్పు, ఎరువుల కొట్టు: గుంటూరు జిల్లా కథలో ఇంకేం కావాలి?

ఇంత అనుభవించినవాడి పుస్తకంలో కోపం దాదాపు లేదు, అంతా కృతజ్ఞతే. జడ్జి పదవికి పోటీ చేసినప్పుడు, నువ్వు గెలిస్తే నీ కోర్టుకి తలపాగాలు నువ్వే ఇస్తావా, మేమే కొనుక్కోవాలా అని ఒకడు ఎకసెక్కమాడాడు. తల మీద ఏముందో నాకనవసరం, లోపల ఏముందో చూస్తానన్నట్టు సాంద్ సరదాగా తిప్పికొట్టాడు. అందరూ మెచ్చుకునే ఘట్టం ఇది. నాకు మాత్రం అక్కడ గొంతు పట్టేసింది. ఆన్‌సైట్‌లో ఉన్న రెండేళ్ళూ మీటింగుల్లో ఒకాయన నా ఉచ్చారణని అనుకరించేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. మంచోడన్న పేరొచ్చింది.

ఆ నవ్వే అర్హత పత్రం అని నా అనుమానం. 2008లో ఒబామాకి ఎగ్జిట్ పోల్స్ లెక్కన తెల్లవాళ్ళ ఓట్లు 43 శాతం పడ్డాయి. అంటే ఓటేసేవాళ్ళున్నారు. కానీ 1995 నాటి కోపాన్ని ఆయన ప్రచారంలో చూపించగలిగాడా? రిషి సునాక్‌ది ఇంకో దారి. 2022లో పార్టీ సభ్యులు లిజ్ ట్రస్‌ని ఎంచుకున్నారు. ఆవిడ కూలిపోయాక ఆయన పోటీ లేకుండా ప్రధాని అయ్యాడు. జనం ముందుకెళ్ళిన 2024 జూలైలో పార్టీకి 121 సీట్లే మిగిలాయి. ఆ ఓటమి రంగు వల్లే అనడం అన్యాయం, పద్నాలుగేళ్ళ పాలన మీద విసుగు అది. అయినా ఇల్లు కాలుతున్నప్పుడు తాళాలు చేతికివ్వడం మనకి కొత్త కాదు, ఎన్నికయ్యాక తాళాలు వెనక్కి తీసుకోవడం కూడా. దామోదరం సంజీవయ్య 1960లో ఆంధ్రప్రదేశ్ తొలి దళిత ముఖ్యమంత్రి అయ్యింది నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళ్ళినందువల్ల. 1962 ఎన్నికల తర్వాత రెడ్డిగారు తిరిగొచ్చారు, సంజీవయ్య పార్టీ అధ్యక్షుడయ్యారు. ఆ తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇవాళ్టి దాకా ఇంకో దళిత ముఖ్యమంత్రి లేడు. తెల్లవాళ్ళు మనకి ఓటేస్తారా అని అడిగే ముందు ఇది గుర్తు రావాలి కదా. నాన్నకి రాలేదు, మొదట నాకూ రాలేదు.

మాది ఊళ్ళో పెత్తనం ఉన్న కులం. పక్కనున్న ఒక రిజర్వుడు నియోజకవర్గం ఎమ్మెల్యే గురించి నాన్న ఒకసారి మెచ్చుకోలుగా అన్న మాట: "చాలా మంచోడు, మన ఇంటికొస్తే నిలబడే మాట్లాడతాడు." సీటు రిజర్వుడే. అన్ని పార్టీల అభ్యర్థులూ దళితులే. అందులో ఎవరు మంచోళ్ళో తేల్చేది మాత్రం మేము. సాంద్ ఎందుకు నవ్వాడో ఆ ఎమ్మెల్యేకి నాకన్నా బాగా తెలిసి ఉంటుంది.

1985 జూలై 17న మాకు దగ్గర్లోని కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. నేను పుట్టకముందు సంగతి. మా ఇంట్లో దాన్ని 'ఆ గొడవ' అంటారు. పేరు పెట్టకుండా దాటెయ్యడంలో సాంద్ పుస్తకానికీ మా ఇంటికీ పోలిక ఉంది. తేడా ఏమిటంటే ఆయన దాటేసింది తనకి తగిలిన దెబ్బని.

పుస్తకంగా చూస్తే చివర్లో విదేశాంగ విధానం, ఆసియా పర్యటన గురించిన భాగాలు నీరసం, వదిలేసినా నష్టం లేదు. ఇంపీరియల్ వ్యాలీ అధ్యాయాలు మాత్రం మన ప్రాంతం వాళ్ళు తప్పకుండా చదవాలి. 1962లో పక్షవాతమొచ్చి, ప్రచారం చేయలేక, ఆ ఏడాదే ఓడిపోయాడు. ఆ భాగం ఈ పుస్తకంలో ఉండే వీల్లేదు, అది కూడా తనే రాసి ఉంటే ఎలా ఉండేదో.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్నకి ఈ కథ మొత్తం చెప్పాను.

"లెక్కల్లో డాక్టరేటు చేసి పత్తి మేస్త్రీయా! పొలం సొంతమేనా?"

"కొనే హక్కు లేదు వాళ్ళకి."

"అప్పు తీర్చాడా?"

"మొత్తం తీర్చాడు."

నాన్న చాలాసేపు తలూపాడు. "మంచోడు," అన్నాడు. ఎమ్మెల్యే సంగతి ఎత్తుదామనుకున్నాను. మిర్చి యార్డు రేట్లు చెబుతున్నారని టీవీ సౌండు పెంచాడు.