ఏటవాలు ఎండలో అణా

పట్టిసీమ ఇసుకను మిట్టమధ్యాహ్నం చూస్తే తెల్లటి దుప్పటి పరిచినట్టు ఉంటుంది. పొద్దు వాలాక అదే ఇసుకను చూడండి. గాలి గీసిన ప్రతి మడతా, రేవు నుంచి గుడికి నడిచినవాళ్ల ప్రతి అడుగూ పైకి తేలుతుంది. ఇసుక అదే, ఎండ పడే వాలు మారిందంతే. శివరాత్రి తీర్థానికి లాంచీ దిగి వీరభద్రస్వామి కొండ దాకా ఇసుకలో నడిచినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. నాణేన్ని ఫొటో తీసే విద్యలో సగం ఇందులోనే ఉంది.

నాకు ఆ సంగతి ఒక అణా బిళ్ల నేర్పింది. అమ్మమ్మ పెట్టె అడుగున, మాసిన గుడ్డ మూటలో దొరికింది. 1907 నాటిది. ఒకవైపు ఏడో ఎడ్వర్డు బొమ్మ, అంచు చుట్టూ పూరేకుల్లాంటి పన్నెండు వంపులు. ఫోను దగ్గరగా పెట్టి ఫ్లాష్ వేసి తీస్తే నడుమ తెల్లటి మచ్చ, చుట్టూ బూడిదరంగు తప్ప ఏమీ పడలేదు. సాయంత్రం వీధి అరుగు మీద పెట్టి, పక్కనుంచి వాలుగా ఎండ తగులుతుండగా మళ్లీ తీశాను. బొరుసు వైపు మిగతా లిపులతో పాటు మన అక్షరాలు కనిపించాయి: ‘ఒక అణా’. ఎన్నో చేతులు మారి అరిగిపోయిన ఆ అక్షరాలను, వాటి పక్కన నీడ పడ్డాకే చదవగలిగాను. ఫొటో తీయడమంటే చదవడమేనని అప్పుడు అర్థమైంది.

నాణేనికి నకలు తీసి దాచే అలవాటు కెమెరా కన్నా పాతది. పల్చటి కాగితం కప్పి పెన్సిలుతో రుద్దితే అచ్చు తేలుతుందని బడిపిల్లలకూ తెలుసు. పూర్వపు మ్యూజియం కాటలాగుల్లో చాలా బొమ్మలు నాణేల ప్లాస్టర్ అచ్చులను తీసిన ఫొటోలే. లోహపు మెరుపు కెమెరాను తికమక పెడుతుంది. ప్లాస్టర్‌కు ఆ మెరుపు ఉండదు కాబట్టి ఎత్తుపల్లాలు మాత్రమే తేటగా పడతాయి. 1922లో రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి స్థాపనకు పూనుకున్న రాళ్లబండి సుబ్బారావు పేరు మీద ఆ ఊళ్లో ఉన్న పురావస్తు మ్యూజియం నాణేలకు పేరుపొందింది. పరిశోధకుడికి ప్రతి నాణెమూ చేతికి అందదు. మంచి ఫొటో అందితే దూరాన ఉన్నవాడు కూడా చదవగలడు. మన పెట్టెల్లో ఉన్న నాణేల విషయంలో ఆ పని మనమే చేయాలి.

దీనికి ఖరీదైన సరంజామా అక్కర్లేదు. ఫోను, ఒక టేబుల్ ల్యాంపు, ట్రేసింగ్ కాగితం, చేతి అద్దం, స్కేలు చాలు. పుస్తకాల దొంతర అంచున ఫోనును తెర పైకి ఉండేలా పడుకోబెట్టి, కెమెరా అంచు దాటి బయటికి వచ్చేలా పెట్టండి. నాణేనికీ ఫోనుకూ మధ్య జానెడు ఎడం ఉంచి, రెండింతల జూమ్‌లో తీయండి. మరీ దగ్గరికి పోతే ఫోను నీడ బిళ్ల మీద పడుతుంది, గుండ్రం కూడా వంకర పోతుంది. కెమెరా నాణేనికి సరిగ్గా ఎదురుగా ఉందో లేదో తేల్చడానికి ఒక చిట్కా ఉంది. నాణెం పెట్టాల్సిన చోట అద్దాన్ని పడుకోబెట్టండి. తెర మీద సరిగ్గా నడుమ కెమెరా కన్ను కనిపిస్తే సరిపోయినట్టు, పక్కకు జరిగి కనిపిస్తే ఫోను వాలిందన్నమాట. బటన్ నొక్కేటప్పుడు చెయ్యి వణుకు తగలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టుకోండి.

ఇక వెలుతురు. ఫ్లాష్ ఆపేయండి. గదిలో ట్యూబ్‌లైటు, కిటికీ వెలుగు, ల్యాంపు మూడూ కలిస్తే లోహం అసలు రంగు ఏదో తెలియదు. అందుకే ఒకే దీపం ఉండాలి. దాన్ని నాణెం తలవైపు, కాస్త ఎడమకు, వాలుగా పెట్టండి. తలవైపే ఎందుకంటే, వెలుగు పైనుంచి వస్తుందని మన కంటికి పుట్టినప్పటి నుంచి అలవాటు. దీపం కిందివైపున ఉంటే ఉబ్బెత్తు రాజుగారి ముఖం గుంట పడినట్టు కనిపిస్తుంది. దీపాన్ని మెల్లగా కిందికి దించుతూ తెర చూస్తూ ఉండండి. వాలు పెరిగే కొద్దీ అక్షరాలు లేస్తాయి. మరీ దించితే పొడుగు నీడలు పక్క అక్షరాలను మింగేస్తాయి. ఆ రెంటికీ మధ్య సరైన చోటు ఒక్కో నాణేనికి ఒక్కోలా ఉంటుంది, ఓపిగ్గా వెతుక్కోవాలి.

లోహాన్ని బట్టి కూడా పద్ధతి మారుతుంది. అరిగిన రాగి బిళ్లలకు, యుద్ధకాలంలో లోహం ఆదా కోసం 1943 నుంచి వేసిన చిల్లు కాణీలకు నేరుగా పడే వాలు వెలుగు బాగుంటుంది. నిగనిగలాడే వెండి రూపాయికి అది పనికిరాదు, మెరుపు మచ్చలు పడతాయి. దీపానికి ట్రేసింగ్ కాగితం అడ్డుపెట్టి వెలుగును మెత్తబరచాలి. తెర మీద వేలుతో వెలుతురు కాస్త తగ్గించుకుంటే తెల్లగా మాడిన చోట్లు కూడా తేరుకుంటాయి. అద్దంలా మెరిసే కొత్త నాణేనికి మరో ఉపాయం. కెమెరాకూ నాణేనికీ మధ్య గాజుపలకను నలభై ఐదు డిగ్రీల వాలులో నిలిపి, పక్కనుంచి దీపం వేయండి. వెలుగు గాజుకు తగిలి నిలువునా నాణెం మీద పడుతుంది, కెమెరా అదే గాజులోంచి చూస్తుంది.

అన్నిటికన్నా కష్టమైన నాణెం మన గోదావరి తీరానిదే. రాజమహేంద్రవరం రాజధానిగా ఏలి, నన్నయ చేత భారతం తెనిగింపజేసిన రాజరాజనరేంద్రుడి బంగారు నాణెం పల్చటి రేకు. నడుమ వరాహం, చుట్టూ రాజు పేరులోని అక్షరాలను ఒక్కొక్కటిగా విడివిడి ముద్రలతో కొట్టారు. బంగారు నాణేనికి వరహా అన్న పేరు తెచ్చింది ఇలాంటి వరాహ ముద్రే. ఒక్కో దెబ్బ ఒక్కో లోతున దిగింది కాబట్టి ఒకే ఫొటోలో అన్ని అక్షరాలూ తేలవు. దీపాన్ని నాణెం చుట్టూ గడియారం ముల్లులా జరుపుతూ నాలుగైదు ఫొటోలు తీసి, పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒక వెలుగులో దాగిన అక్షరం మరో వెలుగులో బయటపడుతుంది.

తీసే ముందు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: నాణేన్ని చింతపండుతోనో ముగ్గుపిండితోనో తోమడం. ఇత్తడి చెంబుకు అది శుభ్రం, పాత నాణేనికి మాత్రం చేటు. పులుపు లోహాన్ని తింటుంది, పిండి గీతలు పెడుతుంది. వెండికి పట్టిన నలుపు, రాగికి పట్టిన ముదురు రంగు ఏళ్ల తరబడి ఏర్పడిన పొరలు. అక్షరం చుట్టూ నిలిచిన ఆ నలుపే ఫొటోలో అక్షరాన్ని చదివిస్తుంది. ఒక్కసారి తోమితే ఆ పొరను తిరిగి తేలేం. నాణేన్ని అంచులతోనే పట్టుకోండి, కింద మెత్తటి గుడ్డ పరుచుకోండి. ఫోనులో రంగులు దిద్ది, గీతలు చెరిపి అందం పెంచకండి. నాణెం ఎలా ఉందో ఫొటో అలాగే చెప్పాలి.

బొమ్మ, బొరుసు రెండూ ఒకే ఎత్తు నుంచి, ఒకే వెలుగులో తీయండి. పక్కన స్కేలు ఉంచి మరొకటి తీయండి. చిన్న త్రాసులో తూచి బరువు రాసిపెట్టండి. విక్టోరియా నాటి వెండి రూపాయి ఒక తులం, అంటే 11.66 గ్రాములు తూగాలి. బాగా తేడా ఉంటే అనుమానించాల్సిందే. ఎవరి పెట్టెలోది, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది అన్న రెండు మాటలు కూడా చేర్చండి. పొలం దున్నుతుంటే భూమిలో పాత నాణేలు బయటపడితే మాత్రం, 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటినవాటి సంగతి కలెక్టరుకు తెలియజేయాలి. అవి పడి ఉన్న చోటునే, పడి ఉన్నట్టుగానే ముందు ఫొటో తీయడం పరిశోధకులకు మీరు చేసే పెద్ద మేలు.

మన ఇళ్లలో పాత నాణేలు ఎక్కువగా పోయేది దొంగల వల్ల కాదు. ఆడపిల్ల పెళ్లికి కొత్త డిజైను చేయించాలని అమ్మమ్మ కాసులపేరును కంసాలి మూసలో వేస్తాం. వెండి రూపాయలు కరిగి పట్టీలవుతాయి. అవసరం అలాంటిది, ఎవరినీ తప్పుపట్టలేం. కరిగించే ముందు రోజు సాయంత్రం ఒక గంట మాత్రం ఆ నాణేలకు ఇవ్వండి. కిటికీ పక్కన గుడ్డ పరిచి, ఒక్కొక్కదాన్నీ వాలు వెలుగులోకి తెచ్చి, రెండు వైపులా తీయండి. పక్కన అమ్మమ్మను కూర్చోబెట్టుకోండి. ఏ కాసు ఎవరు పెట్టారో ఆవిడ చెబుతుంది, రాసుకోండి. మర్నాడు బంగారం మూసలోకి పోయినా, ఆ అక్షరాలూ ఆ పేర్లూ మీ దగ్గర ఉంటాయి.